అప్‌డేట్: బోరు గుంటలో రొయ్య మెత్తబడటం, లోటు పొటాషియంలోనే

కావలి దగ్గర బోరు నీళ్ల గుంటలో ఉప్పదనం 6 పీపీటీ (లీటరుకు దాదాపు 6 గ్రాముల ఉప్పు) దగ్గర నిలకడగా ఉన్నా, కుబుసం విడిచిన వనామీ రొయ్య గట్టిపడకుండానే చనిపోతోందని అడిగాను కదా. పొటాషియం చూడమన్న అన్నలకు చాలా థ్యాంక్స్. ల్యాబ్‌లో లీటరుకు 22 మిల్లీగ్రాములే వచ్చింది. సముద్రపు నీటిని 6 పీపీటీకి పలచన చేస్తే దాదాపు 67 ఉంటుంది.

గుంట నీళ్లకన్నా రొయ్య రక్తంలో ఉప్పు ఎక్కువ. అందుకే ఓస్మాసిస్‌తో నీరు లోపలికి చేరుతుంది, సోడియం బయటికి జారిపోతుంది. దాన్ని మొప్పల కణాలు శక్తి ఖర్చుపెట్టి తిరిగి లాక్కోవాలి. ఆ కణాల్లో అయాన్లను అటూ ఇటూ మార్చే ప్రోటీన్ పంపు విడతకు 3 సోడియం అయాన్లను రక్తంలోకి నెట్టి, 2 పొటాషియం అయాన్లను కణంలోకి తీసుకుంటుంది. పొటాషియం కరువైతే ఆ పంపే మందగిస్తుంది. రిఫ్రాక్టోమీటరు మొత్తం ఉప్పునే చూపిస్తుంది, ఈ లోటు అందులో కనపడదు.

ఎకరా గుంట, మీటరు లోతుకి 4,047 ఘనపు మీటర్ల నీళ్లు. లీటరుకు 45 మిల్లీగ్రాముల లోటుకి 182 కిలోల పొటాషియం కావాలి. ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు) బరువులో అది సగమే, కాబట్టి 364 కిలోలు. విడతలుగా, కరిగించి, ఏరేటర్లు తిరుగుతుండగా చల్లాలి. బంకమన్ను కొంత పీల్చేస్తుంది, అందుకే ప్రతి విడత తర్వాతా టెస్ట్ తప్పదు.

రెండు విడతలయ్యాయి. చెక్ ట్రేలో (మేత, రొయ్యల తీరు చూసే పళ్లెం) రొయ్యను నొక్కితే పెంకు వేలికి గట్టిగా తగులుతోంది.