గంజాయి పన్ను సొమ్ముతో ప్రభుత్వ బడులను బాగుచేయవచ్చునా?

తార్నాక విశ్రాంత ఉపాధ్యాయుడు:
నేను నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చాలాకాలం పాఠాలు చెప్పాను. వాన పడితే పైకప్పు కారుతుందని ఎనిమిదో తరగతి పిల్లలను వరండాలోకి తరలించి బోధించిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మరమ్మతుకు ఎన్ని వినతిపత్రాలు పెట్టినా నిధులు లేవన్న జవాబే వచ్చేది. అందువల్ల అమెరికాలోని కొలరాడో రాష్ట్రం సంగతి చదివినప్పుడు నాలో ఆశ కలిగింది. అక్కడ 2012లో ఓటర్లు గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేస్తూ, దానిపై వచ్చే ఎక్సైజ్ సుంకంలో ఏటా మొదటి 4 కోట్ల డాలర్లు పాఠశాల భవనాలకే చెందాలని ఆ రాష్ట్ర రాజ్యాంగ సవరణలోనే రాసుకున్నారు. 2014 జనవరిలో దుకాణాలు తెరుచుకున్నాయి. మన రాష్ట్రంలో మత్తు లేని నార గంజాయి సాగునైనా అనుమతించి, ఆ పన్నును బడులకు, ఆసుపత్రులకు కేటాయించకూడదా అన్నది నా ప్రశ్న.

నల్లకుంట న్యాయ విద్యార్థి:
గురువుగారూ, మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయని సవినయంగా మనవి చేస్తున్నాను. మత్తునిచ్చే గంజాయి, నారకు పండించే హెంప్ ఒకే జాతి మొక్కలు. (మన రైతులు పచ్చిరొట్టకు వేసే జనుము వేరే మొక్క, దానికీ దీనికీ సంబంధం లేదు.) మత్తు కలిగించే టీహెచ్‌సీ 0.3 శాతానికి మించని రకాల సాగుకు ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 14వ సెక్షన్ నార కోసం, విత్తనాల కోసం ఇటువంటి సాగుకు వీలు కల్పిస్తుంది. హెంప్ విత్తనాలను, విత్తనాల నూనెను ఆహారంగా అమ్మడానికి 2021లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ కూడా అనుమతించింది. అయితే నార, నూనె సాధారణ వ్యవసాయ సరుకులే కనుక, వాటిపై మద్యం మీద వేసినంత పన్ను వేయలేము, వేస్తే ఆ పంట ఎవరూ వేయరు. కొలరాడోకు వచ్చిన సొమ్మంతా మత్తు గంజాయి అమ్మకం నుంచి వచ్చినదే. కాబట్టి బడుల పైకప్పులు మార్చగలిగేంత ఆదాయం కావాలనుకుంటే, మనం అడుగుతున్నది నారను కాదు, మత్తును అని ఒప్పుకోవలసి ఉంటుంది.

పన్ను వేసే అధికారం మాత్రం రాజ్యాంగంలోనే ఉంది. రాష్ట్ర జాబితాలోని 51వ అంశం మద్యంతో పాటు నల్లమందు, ఇండియన్ హెంప్ (అంటే గంజాయి) మీద కూడా ఎక్సైజ్ సుంకం విధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 1893–94లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన హెంప్ డ్రగ్స్ కమిషన్ సైతం పూర్తి నిషేధం కన్నా లైసెన్సులు, పన్నులే మేలని చెప్పింది. సుంకం వేసే అధికారం ఉన్నంత మాత్రాన అమ్మకం చట్టబద్ధం కాదు. 1985 చట్టం మారనిదే గంజాయి దుకాణం తెరవడానికి ఏ రాష్ట్రానికీ వీలులేదు.

ఎర్రగడ్డ గృహిణి:
చట్టం గురించి నాకు అంతగా తెలియదు, ఇంటి సంగతి తెలుసు. మా తమ్ముడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలోనే గంజాయికి అలవాటుపడ్డాడు. మా అమ్మ వాడిని తీసుకుని మానసిక వైద్యాలయం చుట్టూ తిరిగిన రెండేళ్లలో మా ఇంట్లో దీపావళి అన్నది లేదు. ఆ పన్నుతో బడి కడతామంటే, ఎవరి పిల్లవాడి సొమ్ముతో ఎవరి పిల్లవాడి బడి అని అడగాలనిపిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని మా అమ్మ ఇప్పటికీ కథలా చెబుతుంది. ఆ ఆడవాళ్ల పోరాటం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఖజానాకు లోటు వస్తోందని 1997లో దాన్ని ఎత్తేశారు. ఒకసారి ఆ రాబడికి అలవాటుపడిన ప్రభుత్వం తాగేవారి సంఖ్య తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకుంటుందని నేను నమ్మను.

మలక్‌పేట విశ్రాంత గణాంకుడు:
అమ్మగారి మాటకు అంకెల్లోనూ ఆధారం ఉంది. తెలంగాణలో 2023లో 2,620 మద్యం దుకాణాల కేటాయింపుకు లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. అంటే ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్ల రూపాయలకు పైగా ఖజానాకు చేరాయి. ఇంత రాబడి వస్తున్నా మన బడుల పైకప్పులు ఎందుకు కారుతున్నాయన్నదే అసలు ప్రశ్న. ఒక పద్దుకు కొత్త పన్ను వస్తే, అదే పద్దుకు పాత కేటాయింపును ఆర్థిక శాఖ నిశ్శబ్దంగా తగ్గించుకోవచ్చు. మొత్తం మాత్రం పెరగదు. పైగా ఈ ఆదాయం నిలకడైనది కాదు. కొలరాడోలో 2021లో 42 కోట్ల డాలర్లకు పైగా వచ్చిన గంజాయి పన్నులు, రుసుములు 2023 నాటికి 28 కోట్ల డాలర్ల లోపుకు పడిపోయాయి. చుట్టుపక్కల రాష్ట్రాలు కూడా అమ్మకాలు ప్రారంభించాయి, ధరలు తగ్గాయి. నర్సు జీతానికి, మధ్యాహ్న భోజనానికి ఇటువంటి రాబడిని నమ్ముకుంటే, అమ్మకాలు తగ్గిన ఏడాది ఎవరి జీతం ఆపుతారు?

తార్నాక విశ్రాంత ఉపాధ్యాయుడు:
నార గంజాయి సాగు ఆదాయంతో బడులను నడపవచ్చన్న నా ఊహ తప్పని ఒప్పుకుంటున్నాను. రైతుకు అదనపు పంటగా అది పనికివస్తే అంతవరకు సంతోషమే. ఎప్పటికైనా చట్టం మారి మత్తు గంజాయిపై పన్ను వచ్చినా, దాన్ని జీతాలకు కాక ఒక్కసారి ఖర్చుపెట్టి పూర్తి చేయదగిన భవనాలకే పరిమితం చేయాలన్న మాట మీదనే నిలబడతాను. కొలరాడో ఓటర్లు భవనాలనే ఎంచుకోవడం వెనుక వివేకం ఉందని ఇప్పుడు అర్థమైంది. విశ్రాంత గణాంకుడు గారు చెప్పినట్లు పాత కేటాయింపు తగ్గించకూడదన్న షరతు కూడా ఆ చట్టంలోనే ఉండాలి.

ఎర్రగడ్డ గృహిణి:
గురువుగారూ, ఆ షరతుకు ముందు ఇంకొకటి రాయించండి. మొదటి రూపాయి వ్యసన విముక్తి వార్డుకు వెళ్లాలి. మేము తమ్ముడిని తీసుకువెళ్లిన రోజు పడకలు ఖాళీ లేవని చెప్పి వారం తరువాత రమ్మన్నారు. ఆ వారం మేము వాడిని ఇంట్లో గదికి తాళం వేసి ఉంచాము.