కోరింగ మడ కర్రల మీద శిలీంధ్రాల సర్వే: డబ్బాల్లో పచ్చ బూజు కమ్మేస్తోంది

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కర్ర మీద పెరిగే శిలీంధ్రాలు చూడాలని కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి నుంచి మడ, తిల్ల చెట్ల ఎండు కర్రలు తెచ్చి తడి డబ్బాల్లో పెట్టామండి. వారానికే పచ్చ బూజు పట్టింది, మాకు కావాల్సిన శిలీంధ్ర జాతులు బయటపడటం లేదు. కర్రలు ఎన్ని కావాలి? ఏ జాతి ఎంత శాతం కర్రల మీద ఉందో లెక్క ఎలా కట్టాలి?

జవాబు: ఆ పచ్చ బూజు చాలావరకు ట్రైకోడెర్మా, పెనిసిలియం అనే మామూలు బూజులు అయ్యుంటుందండి. డబ్బాలో నీరు నిలిచినా, కర్రకు బురద ఉన్నా అవే ముందు లేస్తాయి. అక్కడి పాయ నీళ్లతోనే మెత్తటి బ్రష్షుతో బురద కడిగి, కాగితంలో చుట్టి తీసుకురండి. డబ్బాలో టిష్యూ కాగితం తడిపి, పిండి పరవండి. కర్ర ఆరుతున్నప్పుడు మాత్రం మరిగించి చల్లార్చిన నీళ్లు చిలకరిస్తే చాలు.

తెచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మొదటిసారి చూసెయ్యాలి. ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి, ఆరు నెలల దాకా. నిదానంగా పైకి వచ్చే జాతులు ఉంటాయి.

ఏరేటప్పుడు పోటు నీళ్లు తడిపే మేర నుంచే తీసుకోండి. బొటనవేలి లావు, జానెడు పొడవు, నల్లబడి మెత్తబడినవి మంచివి. చెట్టు జాతికి ఒక్కో కాలంలో కనీసం 50 ముక్కలు పెట్టుకోండి. కొట్టుకొచ్చిన కర్ర ఏ చెట్టుదో చెప్పలేం కాబట్టి చెట్టునే ఉన్న ఎండుకొమ్మ నయం. తిల్ల దగ్గర కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి: దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కర్ర మీద నల్ల చుక్కలు వచ్చాయండి. స్లైడు మీద వేసే లాక్టోఫినాల్ ద్రవంలో పెట్టి మైక్రోస్కోపులో చూస్తే సిద్ధబీజాలన్నీ (శిలీంధ్రం విత్తనాల్లాంటివి) ఒకేలా ఉన్నాయి.

మరో జవాబు: ముందు నీళ్లలో చూడాలండి. ఆ నల్ల చుక్క శిలీంధ్రం బీజాలుండే కాయ లాంటిది. బ్లేడుతో దాని పైభాగం కోసి, లోపలి జిగురు సూదితో తీసి నీటి బొట్టులో వేయండి. హాలోసార్ఫియా అనే శిలీంధ్రంలో బీజం కొనలకు కొక్కేల్లాంటి తోకలుంటాయి. నీళ్లలో అవి మెల్లగా విచ్చుకుని సన్నని దారాలవుతాయి. లాక్టోఫినాల్‌తో మొదలుపెడితే ఆ గుర్తే దొరకదు. బీజానికి గోధుమరంగు, రెండు గదులు, పైన గరుకు ఉంటే వెర్రుకులినా ఎనాలియా అనే జాతి కావచ్చు, గోదావరి కృష్ణా మడల్లో తరచూ దొరికేదే. దారంలా పొడుగ్గా ఉండి రెండు కొనల్లో చిన్న గదులుంటే లుల్వర్తియా అనే శిలీంధ్రం వైపు చూడండి. కనీసం 20 బీజాలు కొలవండి.

లెక్క విషయానికొస్తే, ఒక కర్ర మీద ఒక జాతి వంద చుక్కలున్నా ఒక్క నమోదే. ఆ జాతి దొరికిన కర్రలను చూసిన మొత్తం కర్రలతో భాగించి 100తో గుణించండి. ఏమీ రాని కర్రలనూ పుస్తకంలో ఎక్కించాలి. వాటిని వదిలేస్తే శాతాలన్నీ ఉబ్బిపోతాయి. చూసిన కర్రలు పెరిగే కొద్దీ జాతుల సంఖ్య ఎలా పెరిగిందో గ్రాఫు గీయండి. చివర్లోనూ ఆ గీత ఎక్కుతూనే ఉంటే ఇంకా కర్రలు ఏరాలి.

మొదటి జవాబు రాసినవారు: ఒక్క మాట అండి. కోరింగ 1978 నుంచి అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఎండు కర్ర ఏరడానికి కూడా అనుమతి పత్రంలో ఆ మాట రాయించుకోండి.