కథలు చదివాక మనుషులు వేరేగా కనిపిస్తున్నారు. మీకూ ఇలా అయిందా?

విజయనగరం_అమ్మాయి:

అందరికీ నమస్తే. నేను డిగ్రీ రెండో సంవత్సరం, స్పెషల్ తెలుగు. ఈ ఏడాది మాకు కథానిక మీద ఒక పేపర్ ఉంది. మా నాన్న ఆటో నడుపుతాడు. "పద్యాలంటే సరే, కథలు కూడా చదువేనా అమ్మా? వాటివల్ల ఏమొస్తుంది?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

కానీ నాలో ఏదో మారింది. గురజాడ "దిద్దుబాటు" నేను స్కూల్లో ఉన్నప్పుడే చదివాను. 1910లో వచ్చిన కథ. సానిపాటలు మరిగిన గోపాలరావు, ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కున్న కమలిని, చివరికి మొగుడికి బుద్ధి రావడం. నవ్వుకున్నాను, వదిలేశాను. ఈసారి మా మేడమ్ పాఠం అయ్యాక పుస్తకాలు మూయించి, "ఇంతకీ రాముడికి ఏమైంది?" అని అడిగారు. క్లాసులో ఒక్కరికీ గుర్తులేదు. మళ్లీ తెరిచి చూశాం. భార్య కనపడలేదన్న కోపంలో గోపాలరావు నౌకరు రాముడి వీపు మీద గుద్దుతాడు, వాడు కూలబడిపోతాడు. ఆ వెంటనే జాలిపడి లేవనెత్తుతాడు, నిజమే. కానీ అది దిద్దుకున్న మనిషి కథ అనే నేర్చుకున్నాను కాబట్టి ఆ దెబ్బ నాకు కనిపించనే లేదు. నా కళ్లు ఆ వాక్యం మీదుగానే వెళ్లాయి, ఆగలేదు.

ఇప్పుడు ఎక్కడికెళ్లినా రాముళ్లే కనిపిస్తున్నారు. మొన్న మా పిన్ని కూతురి పెళ్లిలో బంతి మధ్యలో వడ్డించే కుర్రాడి చేతిలో సాంబారు బకెట్టు జారింది. ఎవరి చీర మీద పడింది, మరక పోతుందా అని ఒకటే గోల. నేను లేచి వెనక్కి వెళ్లి చూస్తే వాడు కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. మణికట్టు దాకా ఎర్రగా కందిపోయింది. ఏడాది కిందట అయితే నేను కూడా చీరే చూసుకునేదాన్ని. ఇది కథల వల్ల వచ్చిందా, వయసుతో వచ్చేదేనా? మీకెవరికైనా ఇలా అయిందా?

రిటైర్డ్_ఫీల్డాఫీసర్:

అమ్మా, ముందు మీ మేడమ్‌గారికి నా నమస్కారం చెప్పు. ఆ ఒక్క ప్రశ్న చాలు.

నేను బ్యాంకులో ముప్ఫై మూడేళ్లు చేశాను. ఎక్కువ కాలం పల్లెటూరి బ్రాంచీలే. పంట రుణాలు, నోటీసులు, రికవరీ. కారా మాస్టారి (కాళీపట్నం రామారావుగారి) "యజ్ఞం" కథ ఉద్యోగంలో చేరకముందే చదివాను. చివర్లో సీతారాముడు తన పసిబిడ్డని తనే చంపుకోవడం తప్ప ఇంకేమీ గుర్తులేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, అంతే.

చేరిన ఏడేళ్లకి అదే కథ మళ్లీ చదివాను. ఆదివారం పూట నలుగురైదుగురం ఒకరింట్లో కూచుని కథలు చదువుకునేవాళ్లం. అందులో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. "ముగింపు సంగతి తర్వాత. ఆ పంచాయితీలో ఎవరు అబద్ధం ఆడారో చూపించండి" అన్నారాయన. వెతికాం. ఎవరూ ఆడలేదమ్మా! సీతారాముడి తండ్రి అప్పల్రాముడి అప్పు నిజం. బాకీ అడగడం గోపన్న హక్కు. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు ధర్మం తెలిసినవాడు, ఊరు బాగుపడాలని పాటుపడ్డవాడు. అందరూ న్యాయంగానే మాట్లాడుతున్న చోట ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది.

మర్నాడు సోమవారం. మా బ్రాంచీకి ఒక పెద్దాయన వచ్చేవాడు. పాస్‌బుక్ పాలిథిన్ కవర్లో చుట్టి పంచె మడతలో దోపుకునేవాడు. వచ్చినప్పుడల్లా "బాబూ, నా బాకీ ఇంకెంతుంది?" అని అడిగేవాడు. నేను ఒక్క అంకె చెప్పేవాణ్ని, మొత్తం కట్టాల్సింది ఎంతో అది. నా లెడ్జరులో ఒక్క పైసా తేడా లేదు, ఆ గర్వం కూడా ఉండేది. ఆ రోజు అంకె నోటిదాకా వచ్చి ఆగింది. లెక్కల మాస్టారి ప్రశ్న గుర్తొచ్చింది.

ఆయన్ని కూచోబెట్టి ఒక చీటీ మీద రాశాను. ఎప్పుడెంత తీసుకున్నాడు, ఎప్పుడెప్పుడు ఎంత కట్టాడు, అందులో వడ్డీకి ఎంత పోయింది, అసలుకి ఎంత జమైంది. ఆరేళ్లు కట్టిందంతా వడ్డీకే పోయింది, అసలు అలాగే ఉంది. పక్కనున్న కుర్రాడి చేత ఆ చీటీ చదివించుకుని, "అయితే నేను ఇంకా మొదలే పెట్టలేదన్నమాట" అన్నాడు. ఆ సంగతి నాకు ఆరేళ్లుగా తెలుసు. ఆయనకి ఆ రోజే తెలిసింది.

బ్యాంకు రూలు మార్చే స్థాయి నాది కాదు, మార్చలేదు కూడా. మేనేజరుకి ఆ చీటీలు నచ్చలేదు, పని ఆలస్యమవుతోందని రెండుసార్లు పిలిచి చెప్పాడు. అయినా రిటైరయ్యేదాకా చీటీ రాయకుండా ఎవరినీ పంపలేదు. మీ నాన్నగారికి ఇది చెప్పు.

శ్రీకాకుళం మీకు దగ్గరే కదా, కథానిలయం చూసిరా. కారా మాస్టారు 1997లో పెట్టారు. కేవలం కథల కోసమే పెట్టిన గ్రంథాలయం అది. వెళ్తే ఒక పూటంతా ఉండేలా వెళ్లు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

సర్, మీ చీటీ గురించి చదివి చాలాసేపు అలాగే కూచున్నాను.

చెల్లీ, నాది హైదరాబాద్‌లో ఆసుపత్రి ఉద్యోగం. సాహిత్యం చదువుకోలేదు. రష్యన్ రచయిత చెఖోవ్ 1886లో రాసిన బండివాడి కథ ఒకటుంది, తెలుగులో చదివాను. మంచులో గుర్రపుబండి తోలే అయోనాకి కొడుకు చనిపోయి వారం కూడా కాలేదు. ఎక్కినవాళ్లందరికీ ఆ మాట చెప్పబోతాడు, ఎవరూ వినరు. చివరికి గుర్రానికి చెప్పుకుంటాడు. అందరూ ఆ గుర్రం గురించే మాట్లాడతారు. నేను మాత్రం అంతకు ముందున్న చిన్న ముక్క దగ్గర ఆగిపోయాను. కొడుకు బట్టలు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్లిన సంగతి కూడా ఎవరికైనా చెప్పాలని ఉంటుంది అతనికి.

ఆ బట్టలు ఇచ్చేది నేనే కదా. పేషెంట్ పోయాక వస్తువులు కవర్లో వేసి, లిస్టు చదివి, సంతకం పెట్టించుకుంటాం. వాచీ ఒకటి, ఫోన్ చార్జర్ ఒకటి, చెప్పులు ఒక జత. రెండు నిమిషాల పని. ఆ కథ చదివిన తర్వాత ఒక తండ్రికి కవర్ ఇచ్చి, సంతకం అయ్యాక కూడా అక్కడే నిలబడ్డాను. ఆయన చెప్పులు బయటికి తీసి, "సైజు పెద్దదైపోయిందమ్మా, మార్చుకుందామన్నాను, వాడే వద్దన్నాడు" అని మొదలుపెట్టాడు. పావుగంట మాట్లాడాడు. నేనేమీ అనలేదు, విన్నానంతే.

ప్రశ్నార్థకం:

నాది వేరే అనుభవం, చెప్పకుండా ఉండలేను. నాకు కథలు చెప్పిన ఒక ఉపాధ్యాయుడు పాఠం చెబుతూ కన్నీళ్లు పెట్టుకునేవారు. ఆయన ఇంటికి వెళ్తే పనిచేసే ఆవిడ గ్లాసు వేరుగా, కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేది. నాకు అదే గ్లాసులో నీళ్లిచ్చారు. నా కులమేమిటో కనుక్కున్నాకే ఇచ్చారు.

2013లో "సైన్స్" పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కాసేపు మంచి కథ చదివినవాళ్లు ఎదుటివాళ్ల కళ్ల ఫొటోలు చూసి వాళ్ల మనసులో ఏముందో కాస్త బాగా పోల్చుకోగలిగారని. తర్వాత వేరేవాళ్లు ఇంకా ఎక్కువమందితో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అందుకే కథ చదివితే చాలు మనిషి మారతాడంటే నేను నమ్మను.

రిటైర్డ్_ఫీల్డాఫీసర్:

బాబూ, నీ మాట నిజం. నేను కూడా మొదటిసారి చదివి మారలేదు. నన్ను మార్చింది ఆ రెండో చదువు. పక్కన కూచుని నన్ను అడిగినవాడొకడు ఉన్నాడు, మర్నాడు నా ముందు నిలబడ్డవాడొకడు ఉన్నాడు. మీ మాస్టారి ఇంట్లో ఆ గ్లాసు గురించి ఆయన్ని అడిగినవాళ్లు ఎవరూ లేరేమో. నీకు జరిగింది చదువుతుంటే కడుపులో దేవినట్టైంది. ఇక్కడ రాసినందుకు సంతోషం.

ప్రశ్నార్థకం:

థాంక్స్ సర్. నేనూ అప్పుడు అడగలేదు. నీళ్లు తాగేసి వచ్చేశాను.

విజయనగరం_అమ్మాయి:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అన్నం తిన్నాక, సిస్టర్ అక్క చెప్పిన బండివాడి కథ నాన్నకి చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక కాసేపు ఊరుకుని, "నయం, వాడికి గుర్రమైనా ఉంది" అన్నాడు.

తర్వాత తనే మొదలుపెట్టాడు. 2021 మే నెలలో ఆక్సిజన్ కోసం ఒక భార్యాభర్తల్ని ఎక్కించుకుని నాలుగు ఆసుపత్రులు తిప్పాడట. నాలుగో దగ్గర దిగేటప్పుడు ఆవిడ డబ్బులు లెక్కపెడుతుంటే వద్దన్నాడట, ఆవిడ వినకుండా సీటు మీద పెట్టి వెళ్లిందట. లోపల ఏమైందో నాన్నకి ఇప్పటికీ తెలియదు. ఈ సంగతి అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ గిన్నెలు తోమడం ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.