ఫాగ్ లైట్లు పెట్టానని ఫోర్క్ సీల్‌కి కూడా వారంటీ ఇవ్వం అంటున్నారు, ఏం చేయాలి?

మడివాళ_రైడర్:
ఉండేది బెంగళూరు, ఊరు మదనపల్లి దగ్గర. 400 సీసీ బండి, కంపెనీ వారంటీ ఇంకా నడుస్తోంది, సర్వీసులన్నీ షోరూమ్‌లోనే టైముకి చేయించాను. శుక్రవారం ఆఫీసు అయ్యాక ఊరికి బయల్దేరితే హోస్కోటె దాటి చింతామణి రోడ్డు ఎక్కేసరికే చీకటి, ఎదురుగా లారీ హైబీమ్ వేసుకుని వస్తుంటే మన హెడ్‌లైట్ ఉన్నా లేనట్టే, గుంతలు, కుక్కలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు అన్నీ ఆ రోడ్డు మీదే. అందుకే జేసీ రోడ్‌లో రెండు ఫాగ్ లైట్లు వేయించాను. ఒక్కోటి 20 వాట్లు, విడిగా రిలే (లైట్లకు వేరే దారిలో కరెంటు ఇచ్చే స్విచ్), ఫ్యూజ్ ఉన్నాయి, బండి వైరింగ్ ఎక్కడా కోయలేదు. కంపెనీది తీసి బయటి స్లిప్-ఆన్ సైలెన్సర్ కూడా పెట్టించాను, అందులో శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ తీయలేదు.

ఇప్పుడు ముందు కుడి ఫోర్క్ (ముందు చక్రం షాక్ అబ్జార్బర్) నుంచి ఆయిల్ కారుతోంది, దాన్ని ఆపే సీల్ పోయింది. బ్యాటరీ కూడా ఛార్జ్ కావట్లేదు, రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే పార్టు) పోయిందన్నారు. సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, సైలెన్సర్ మార్చారు, లైట్లు పెట్టారు, మొత్తం వారంటీ పోయింది సార్, రెండూ మీరే పెట్టుకోవాలి అనేశాడు. రెగ్యులేటర్ సంగతి సరే, వాదించుకోవచ్చు. ఫోర్క్ సీల్‌కీ సైలెన్సర్‌కీ ఏం సంబంధం? ఒక్క పార్టు బయటిది పెడితే నిజంగానే మొత్తం వారంటీ పోతుందా? ఎవరైనా గట్టిగా అడిగి సాధించుకున్నవాళ్ళుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_వారంటీ_డెస్క్:
బ్రో, నేను ఒక షోరూమ్‌లో వారంటీ క్లెయిములు చూసేవాణ్ణి, లోపల ఏం జరుగుతుందో చెప్తాను. డీలర్ పార్టు వేసేసి, ఫోటోలు, కిలోమీటర్లు, జాబ్ కార్డు (బండి ఇచ్చేటప్పుడు కంప్లైంట్లు రాసే కాగితం) కంపెనీకి పంపుతాడు. కంపెనీ ఒప్పుకుంటేనే అతనికి పార్టు ఖర్చు, కూలి వస్తాయి. ఫోటోలో బయటి సైలెన్సర్ కనపడి క్లెయిమ్ కొట్టేస్తే ఆ ఖర్చు డీలర్ నెత్తిన పడుతుంది. అందుకే చాలామంది అడ్వైజర్లు కంపెనీని అడగకుండా కౌంటర్ దగ్గరే లేదనేస్తారు. అంటే నీకు లేదన్నది ఇప్పటివరకు అడ్వైజర్ ఒక్కడే, కంపెనీ ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు జాబ్ కార్డు తెరిపించు, రెండు కంప్లైంట్లూ విడివిడిగా రాయించు, నిరాకరిస్తే వారంటీ పుస్తకంలోని ఏ షరతు కింద నిరాకరించారో అదే కార్డు మీద రాసివ్వమని అడుగు. నోటితో ఎంత ధైర్యంగా చెప్పినా, సంతకం పెట్టి రాసేటప్పుడు చాలామంది మేనేజర్ దగ్గరికి వెళ్ళి వస్తారు.

ఫోర్క్ సీల్ విషయంలో ఒక్కటి చూసుకో. చాలా పుస్తకాల్లో అరిగిపోయే పార్టుల జాబితా ఉంటుంది, బ్రేక్ ప్యాడ్‌లు, క్లచ్ ప్లేట్లు, చైన్, కొన్నింట్లో రబ్బరు పార్టులు, ఆయిల్ సీళ్ళు కూడా. సీల్ ఆ జాబితాలో ఉంటే వాళ్ళు దాని మీద ఇవ్వకపోవచ్చు, కానీ అప్పుడు కారణం జాబితా అవుతుంది, నీ సైలెన్సర్ కాదు.

రెగ్యులేటర్ గురించి. ఈ రకం బళ్ళల్లో ఎక్కువ వాటికి షంట్ రెగ్యులేటర్ ఉంటుంది. స్టేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు తయారు చేసే కాయిల్) ఎప్పుడూ తన పూర్తి కరెంటు తయారు చేస్తూనే ఉంటుంది, బండి వాడుకోగా మిగిలిందాన్ని రెగ్యులేటర్ షార్ట్ చేసి వేడిగా పోగొడుతుంది. నీ రెండు లైట్లు కలిపి 40 వాట్లు, అంటే సుమారు 3 ఆంపియర్లు, వాటివల్ల ఆ మిగులు తగ్గుతుందే కానీ పెరగదు. స్టేటర్ ఇచ్చేదానికన్నా ఎక్కువ లాగితే బ్యాటరీ దిగిపోతుంది, దానివల్ల రెగ్యులేటర్ కాలిందని చెప్పడం కష్టం. అది కాలేది ఎక్కువగా వదులైన కనెక్టర్ వల్ల, సరిలేని ఎర్త్ వల్ల, సిల్క్ బోర్డ్ జంక్షన్ లాంటి చోట ట్రాఫిక్‌లో గాలి తగలకుండా నిలబడ్డప్పుడు పట్టే వేడి వల్ల. కాకపోతే నీ లైట్ల ఎర్త్ ఎక్కడ కొట్టారో చూడు, ఫ్రేమ్ మీద రంగు గీకకుండా బిగించి ఉంటే వాళ్ళకి అదే సాకుగా దొరుకుతుంది.

మల్టీమీటర్ పట్టుకెళ్ళు. బ్యాటరీ టెర్మినల్స్ మీద ఇంజన్ 4,000 నుంచి 5,000 ఆర్‌పీఎం దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. లైట్లు ఆన్‌లో ఒకసారి, ఫ్యూజ్ పీకేసి ఒకసారి చూపించు, ఫోటో తీసుకో. లైట్లు పూర్తిగా విడదీసినా ఛార్జ్ కావట్లేదంటే మాట్లాడటానికి నీ దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

వైట్‌ఫీల్డ్_సుధ:
నేను కొన్నేళ్ళు మినియాపోలిస్‌లో ఉండి వచ్చాను. అక్కడ చలికాలంలో స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) వాళ్ళ మధ్య సరిగ్గా ఇదే గొడవ. క్లచ్ కిట్ మారుస్తారు, ఎగ్జాస్ట్ పైప్ మారుస్తారు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూన్ చేయిస్తారు, ఆపైన పిస్టన్ కాలిపోతే కంపెనీ తప్పా, పైప్ తప్పా అని తగువు. టూ-స్ట్రోక్‌లో పైప్ మార్చి ఫ్యూయల్ సరిచేయకపోతే మిక్స్చర్ లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోలు అందక) పిస్టన్ నిజంగానే కాలుతుంది, అక్కడ కంపెనీ కాదంటే తప్పు పట్టలేం. కానీ అదే బండికి చేతులు వెచ్చగా ఉంచే హ్యాండిల్ వార్మర్ పనిచేయకపోతే పైప్ సాకు చూపించి ఎగ్గొట్టడం కుదరదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం అని ఉంది, బయటి పార్టు వాడినంత మాత్రాన వారంటీ ఎత్తేయకూడదు, ఆ పార్టు వల్లే పాడైందని చూపించాల్సింది కంపెనీయే. మన దగ్గర అంత సూటిగా రాసిన చట్టం లేదు, అది ఉండాలని నా గట్టి కోరిక. అందుకే మనవాళ్ళు అమెరికా ఫోరమ్‌లు చదివొచ్చి ఇక్కడ కౌంటర్ దగ్గర అవే మాటలు చెప్తే పని జరగదు.

కన్జ్యూమర్_కేసులు:
సుధ గారు చెప్పింది నిజం, అలాగని ఇక్కడ మనకేమీ లేదనుకోకండి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్‌లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,544 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేర్ చేయించుకుంటే వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని, ఆ రిపేర్ వల్ల జరిగిన నష్టం మేరకే కాదనొచ్చని ఆ ఆర్డర్‌లో ఉంది. అది కార్ల గురించి, రిపేర్ల గురించి, మోడిఫికేషన్ల గురించి కాదు, కాబట్టి మీ కేసుకి నేరుగా అతకదు, కానీ మెయిల్‌లో ప్రస్తావించడానికి పనికొస్తుంది.

ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి, డీలర్‌కి కాపీ. జవాబు రాకపోతే 1915 నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే, అంటే బెంగళూరులోనే వేయొచ్చు, బండి ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, సమస్య మొదలైన రెండేళ్ళలోపు వేయాలి. రెగ్యులేటర్ ఒక్కదాని కోసం అంత దూరం వెళ్ళడం దండగ అనిపించొచ్చు, నా మాటగా చెప్తున్నా, మెయిల్ దశలోనే చాలావరకు తేలుతుంది.

సైలెన్సర్ సంగతి మాత్రం వేరు. అది వారంటీ సమస్య కన్నా ముందు ట్రాఫిక్ పోలీసుల సమస్య. శబ్దం, పొగ పరిమితులు దాటితే మోటార్ వాహనాల చట్టం 190(2) కింద 10,000 వరకు ఫైన్, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మూడు నెలలు పోవచ్చు. అనుమతి లేని మార్పులకి 182ఎ(4) కింద మార్పుకి 5,000 చొప్పున. డీబీ కిల్లర్ ఉందన్నది రోడ్డు మీద ఆపినప్పుడు పెద్దగా ఉపయోగపడదు. పైగా రేపు ఇంజన్‌లో ఏదైనా వస్తే ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) రీడింగులు ముందుకు తెచ్చి ఆ సైలెన్సర్ మీదకే తోస్తారు. అది తీసేసి పాతది పెట్టుకోండి. లైట్లు ఉంచుకోండి, ఆ రోడ్డుకి అవి కావాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి పాలసీలో ఎక్కించండి.

మడివాళ_రైడర్:
అందరికీ థ్యాంక్స్. పుస్తకం చూశాను, ఆయిల్ సీళ్ళకి విడిగా తక్కువ గడువు రాశారు, అది అయిపోయింది, కాబట్టి ఫోర్క్ నేనే చేయించుకుంటాను. రెగ్యులేటర్‌కి అడుగుతాను. పాత_వారంటీ_డెస్క్ అన్నా, వెళ్ళేముందు లైట్లు విప్పేసి తీసుకెళ్ళమని ఆఫీసులో ఒకతను అంటున్నాడు, చేయాలా?

పాత_వారంటీ_డెస్క్:
వద్దు బ్రో. అడ్వైజర్ ఇప్పటికే చూశాడు, ఫోటో కూడా తీసి ఉండొచ్చు. ఇప్పుడు విప్పితే దాచావంటారు, ఆ ఒక్క మాటతో నీ మిగతా వాదన పోతుంది. ఉన్నవి ఉన్నట్టు ఉంచి, వైరింగ్ చూపించి, లైట్లు వేసిన షాపు బిల్లు కూడా పట్టుకెళ్ళు. జాబ్ కార్డులో 'లైట్లకు విడి రిలే, ఫ్యూజ్ ఉన్నాయి, ఒరిజినల్ వైరింగ్ కోయలేదు' అని నీ మాటగా రాయించి కాపీ తీసుకున్నాకే బండి వాళ్ళ చేతికివ్వు.