2015 స్విఫ్ట్ డీజిల్, మీటర్ మీద 92 వేలు: ఇంకెన్నాళ్లు నడుస్తుందో కొనే ముందే ఎలా అంచనా వేయాలి?

మున్నేరు_ఒడ్డు (ప్రశ్న)

నమస్తే అండి. ఖమ్మంలో ఒక స్విఫ్ట్ వీడీఐ చూశాను. 2015 మార్చి రిజిస్ట్రేషన్, సింగిల్ ఓనర్. మీటర్ 92,000 కి.మీ. చూపిస్తోంది. 3 లక్షల 40 వేలు చెబుతున్నారు, బేరం ఆడితే కొంచెం తగ్గొచ్చు. షోరూం సర్వీస్ రికార్డు అడిగితే చివరి ఎంట్రీ 2019 ఫిబ్రవరిలో, 71,400 కి.మీ. దగ్గర ఉంది. ఆ తర్వాత బయట చేయించామంటున్నారు, బిల్లులు మాత్రం లేవు.

మాకు నెలకు 1,000 కి.మీ. దాకా తిరుగుడు ఉంటుంది, ఎక్కువగా హైవే. కనీసం 5 ఏళ్లు పెద్ద ఖర్చు పెట్టకుండా రావాలి. స్టార్ట్ చేసి చూస్తే ఇంజన్ బాగానే ఉంది, పొగ కూడా లేదు. లోపల ఇంకా ఎంత మిగిలి ఉందో తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

పాతబండి_లెక్క

ముందు బోనెట్ ఎత్తకండి, కాగితం పెన్ను తీయండి. మీరిచ్చిన అంకెల్లోనే సగం సమాధానం ఉంది.

2015 మార్చి నుంచి 2019 ఫిబ్రవరి వరకు 47 నెలలు, 71,400 కి.మీ. అంటే నెలకు 1,500 పైన. ఆ తర్వాత ఇప్పటివరకు దాదాపు ఆరున్నర ఏళ్లు, 78 నెలలు అనుకుందాం. అన్ని నెలల్లో తిరిగింది 20,600. నెలకు 264 కి.మీ. నెలకు 1,500 తిరిగే మనిషి ఒక్కసారిగా 264కి ఎందుకు వచ్చాడు? కారణం ఉండొచ్చు. ఉద్యోగం మారి ఉండొచ్చు, ఇంట్లో రెండో కారు వచ్చి ఉండొచ్చు, 2020లో లాక్‌డౌన్ ఎలాగూ ఉంది. అడగండి. చెప్పిన కారణానికి ఆధారం కూడా అడగండి. ఆధారం లేకపోతే పాత లెక్కే కొనసాగిందనుకోవాలి: 78 నెలలు × 1,500 = 1,17,000. దానికి 71,400 కలిపితే దాదాపు 1,88,000. మీరు చూస్తున్న బండి 92 వేలదని కాదు, 1,88,000 తిరిగినదని పెట్టుకుని ధర మాట్లాడండి.

మీటర్ తిప్పారో లేదో బండే కొంత చెబుతుంది. డ్రైవర్ సీటు కుడి అంచు నలిగి స్పాంజి మెత్తబడటం, స్టీరింగ్ మీద చెయ్యి పడే చోట నున్నగా మెరవడం, క్లచ్ పెడల్ రబ్బరు గీతలు పోవడం, సీటు బెల్టు అంచు నూలు లేచి ఉండటం. ఇవన్నీ కలిపి చూడాలి. పెడల్ రబ్బర్లు మాత్రమే కొత్తవై, పక్కన సీటు నలిగి ఉంటే అనుమానించాల్సిందే.

టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నాలుగు టైర్లవీ, స్టెప్నీదీ రాసుకోండి. స్టెప్నీ 2015దే అయి ఒక్కసారి కూడా నేల తాకనట్టుంటే మంచి గుర్తు. నాలుగూ కొత్తవైతే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

కాగితాల సంగతి కూడా చెప్పేస్తాను. ఆర్సీ గడువు 2030 మార్చి వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకు రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన కారు రెన్యూవల్ ఫీజును 5,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉంటే ఫారం 35 (లోన్ తీరిందని చూపేది), బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు ఫారం 29, 30.

గ్రీజు_చేతులు

పై లెక్క సరైనదే. ఇక ఇంజన్ సంగతి.

ఈ 1.3 డీడీఐఎస్ ఇంజన్ ఫియట్ మల్టీజెట్ డిజైన్, 1248 సీసీ. వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు దీనికి ఉండదు, చైన్ ఉంటుంది. చాలామంది ‘చైన్ అంటే జీవితాంతం’ అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. చైన్ సన్నది, దాన్ని బిగించి పట్టే టెన్షనర్ ఇంజన్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. 10,000 కి.మీ.కు మార్చాల్సిన ఆయిల్ 18,000కు మార్చిన బండిలో చైన్ సాగుతుంది. సాగి ఒక పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, రాకర్లు విరుగుతాయి. హెడ్ దించాల్సిందే. ఆరేళ్లకు ఆయిల్ బిల్లులు లేని బండి కాబట్టి అన్నిటికన్నా ముందు చూడాల్సింది చైనే.

(బండ్లు పోల్చి చూసేవాళ్లకు: ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిల్, డస్టర్ డీజిల్, పోలో డీజిల్, పాత ఇన్నోవా 2.5, ఆల్టో 800 ఇవన్నీ బెల్టు బండ్లు. వాటిలో బెల్టు మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. కొనగానే మొదటి ఖర్చు అదే.)

పొద్దున్నే, ముందు చెప్పకుండా వెళ్లండి. బోనెట్ తెరిచి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు రండి. చల్లగా ఉంటే వేరే మనిషితో సెల్ఫ్ కొట్టించి మీరు బెల్టులున్న వైపు నిలబడండి. ఒక సెకను లోపు చిన్న టకటక వచ్చి ఆగితే ఆయిల్ పైకి చేరుతోందని అర్థం. మూడు, నాలుగు సెకన్ల పాటు గొలుసు డబ్బాలో దొర్లినట్టు గరగరమంటే చైన్, టెన్షనర్, గైడ్లు కలిపి మార్చాలి. ముందు కవరు విప్పే పని, సగం రోజులో అయ్యేది కాదు.

ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తుండగా) ఆయిల్ మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టండి. డీజిల్‌లో కొంచెం ఆవిరి, మూత మెల్లగా కదలడం మామూలే. మూత ఎగిరిపడుతూ, బుస్‌బుస్‌మని లయగా పొగ కొడుతుంటే రింగులు, బోరు అరిగాయి. మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. డిప్‌స్టిక్ గొట్టంలోంచి కూడా పొగ వస్తే ఇంక బేరం వద్దు. మూత లోపలి వైపు మీగడ లాంటి తెల్లటి జిగురుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తుండొచ్చు.

సైలెన్సర్ పొగ: నీలం అంటే ఆయిల్ కాలుతోంది, రింగులో టర్బో సీలో చూడాలి. గట్టిగా తొక్కినప్పుడే నల్లగా వస్తే గాలి తక్కువ, టర్బో గాలి పైపు చిల్లు, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) మసి, ఇంజెక్టర్ (డీజిల్ చిమ్మేది) ఏదైనా కావచ్చు. వేడెక్కాక కూడా ఆగని తెల్లటి పొగ ఉండి, కూలెంట్ డబ్బాలో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్. వేడి మీద రేడియేటర్ మూత విప్పకండి. చల్లగా ఉన్నప్పుడే చూడండి: లోపల తుప్పు రంగు నీళ్లుంటే కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసి నడిపారు. మన వేడికి అలాంటి బండి రేడియేటర్, వాటర్ పంపు రెండూ ఎక్కువ కాలం నిలవవు.

క్లచ్ చూడటానికి నాలుగో గేరులో 40 వేగంతో వెళుతూ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఈ ఇంజన్‌కు 2,000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది, బలహీనమైన క్లచ్ సరిగ్గా అక్కడే జారుతుంది. ఆర్‌పీఎం సూది పైకి పోయి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది.

టెస్ట్ డ్రైవ్ సందు చుట్టూ కాదు, కనీసం 20 కి.మీ., ఏసీ పెట్టుకుని. తిరిగొచ్చాక ఏసీ ఆన్‌లోనే 15 నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.

నాలుగు_సిలిండర్లు

ఇలాంటప్పుడు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించమని చాలామంది చెబుతారు. పెట్రోల్ బండికి తప్పకుండా చేయించాలి. ప్లగ్గులన్నీ తీసి, వేడి ఇంజన్ మీద, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూస్తే చాలా ఇంజన్లలో 170 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపే ఉండాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

డీజిల్‌లో మాత్రం గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి వేడి ఇచ్చేవి) విప్పాలి. పాత బండిలో అవి బిగుసుకుపోయి లోపలే విరిగే ప్రమాదం ఉంది కాబట్టి అమ్మేవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం తప్పు కాదు. దాని బదులు ఇంజెక్టర్ రిటర్న్ టెస్ట్ అడగండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి, నాలుగు సీసాలు తగిలించి, రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచుతారు. నాలుగింటిలో డీజిల్ మట్టం దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకదాంట్లో మిగతావాటికి రెట్టింపు పడితే ఆ ఇంజెక్టర్ అరిగింది. డీజిల్ పంపు షాపులో అరగంట పని.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టినప్పుడు ఎర్రర్ కోడ్ లేదని ఊరుకోకండి. ‘కోడ్లు చెరిపాక తిరిగిన దూరం’ అనే అంకె చూడండి. అది 15, 20 కి.మీ. ఉంటే నిన్నో మొన్నో ఏదో దాచి ఉండొచ్చు.

మున్నేరు_ఒడ్డు

చాలా థాంక్స్ అండి. పొద్దున ఏడింటికి వెళ్లాను. ఇంజన్ చల్లగానే ఉంది. గరగర రెండు సెకన్ల పైనే వచ్చింది. ఆయిల్ మూత ఊగింది కానీ ఎగరలేదు. క్లచ్ జారలేదు. రిటర్న్ టెస్ట్‌కు రేపు తీసుకెళ్లమన్నారు. ఇన్సూరెన్స్ 2025 మార్చిలో రెన్యూవల్ అయింది, ఫుల్ ఇన్సూరెన్సే, ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) దగ్గర సున్నా ఉంది. దానివల్ల మనకేమైనా తెలుస్తుందా?

లప్పం_కింద_రేకు

ఆ సున్నా చాలా చెబుతుంది. క్లెయిమ్ లేకుండా నడిచిన ఏళ్లను బట్టి ఎన్‌సీబీ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. ఒక్క క్లెయిమ్ వేస్తే మళ్లీ సున్నా. పదేళ్ల బండికి 2025 మార్చిలో సున్నా అంటే మామూలుగా రెండు దారులు: పాలసీ గడువు ముగిశాక 90 రోజులు దాటేదాకా కట్టలేదు, లేదా 2024 మార్చి, 2025 మార్చి మధ్య క్లెయిమ్ వేశారు. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది, అదే సమయంలో విజయవాడలో బుడమేరు. మీ బండి ఖమ్మందే. క్లెయిమ్ బంపర్‌కే కావచ్చు, తొందరపడి నింద వేయకండి. కానీ నీళ్లలో మునిగిన బండి కాదని తేలేదాకా చైన్ గురించి కూడా ఆలోచించొద్దు.

నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగండి. పైన కడిగినా చుట్టలో ఉండిపోయే చివరి అడుగులో బురద గీత కనబడుతుంది. ముందు సీట్ల రైలు బోల్టులు, డాష్‌బోర్డు కింద రంగు వేయని ఇనుప పట్టీలు తుప్పుపట్టాయేమో టార్చి వేసి చూడండి. కార్పెట్ పైన కాదు, డోరు దగ్గర ప్లాస్టిక్ పట్టీ లేపి కింద ఉన్న స్పాంజిని నొక్కండి. తేమ, ఒండ్రు అక్కడ ఏళ్ల తరబడి ఉంటాయి. స్టెప్నీ గుంత మూలల్లో సన్నటి ఒండ్రు, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉన్నాయా చూడండి. బండిలో ఎయిర్‌బ్యాగులుంటే, తాళం తిప్పగానే ఆ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో పీకేశారు.

మునిగిన బండి ఇంజన్ బాగుచేయించుకోవచ్చు. వైరింగ్ మాత్రం లోపల్లోపల తినేస్తూ, ఒక్కో నెల ఒక్కో చోట ఆపేస్తుంది. అలాంటి బండి ఏ ధరకూ వద్దు.

నీళ్ల జాడ లేకపోతే రేకు చూడండి. డోరు రబ్బర్లు లాగి కింద స్పాట్ వెల్డింగ్ గుంటలు సమాన దూరంలో ఉన్నాయా, ముందు ఏప్రాన్ (బోనెట్ కింద ఇంజన్ పక్క రేకు), డిక్కీ నేల ముడతలు పడ్డాయా, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు లేచిందా చూడాలి. పెయింట్ మందం చూసే మీటర్ దొరికితే ఇంకా మంచిది: కంపెనీ పెయింట్ సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు, లప్పం పెట్టిన చోట 500 దాటుతుంది. డోరుకు లప్పం ఉంటే ధర తగ్గించుకోవచ్చు. ఏప్రాన్‌కు ఉంటే వదిలేయండి.

పాతబండి_లెక్క

రెండు సెకన్లు దాటిన గరగరను చైన్ ఖర్చుగానే రాసుకోండి. నీళ్ల పరీక్ష, రిటర్న్ టెస్ట్ రెండూ దాటితే నా లెక్క ఇది: 1,88,000 దగ్గర మొదలై, మీ వాడకం ఏడాదికి 12,000 చొప్పున 5 ఏళ్లకు 60,000. అప్పటికి 2,48,000. చైన్ కిట్ మార్చి, ఆయిల్ 7,500కే మారుస్తూ ఉంటే ఈ ఇంజన్‌కు అది మోయలేని దూరం కాదు. మధ్యలో క్లచ్ ఒకసారి, లోయర్ ఆర్మ్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు తప్పవు, వాటికి ఇప్పుడే డబ్బు పక్కన పెట్టండి.

ధరకు ఒక పని చేయండి. అదే ఏడాది వీడీఐ, 1,80,000 పైన తిరిగినట్టు రికార్డు చూపించి అమ్ముతున్నవి మూడు వెతికి వాటి సగటు పట్టుకోండి. చైన్ కిట్, లేబర్ ఎంతో రాతపూర్వకంగా అంచనా వేయించి అందులోంచి తీసేయండి. మిగిలిందే మీ ఆఖరి మాట. 2019 తర్వాతి బిల్లులు ఆయన ఎక్కడినుంచైనా తెచ్చి చూపిస్తే అప్పుడు 92 వేల ధర మాట్లాడదాం.

ఆ ఇన్సూరెన్స్ క్లెయిమ్ దేనికో వర్క్‌షాప్ బిల్లు చూడకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి.