ఎంకేసాప్ రోజూ చేస్తున్నా ఎల్‌కేఏలో తప్పులు వస్తున్నాయి, ఎలా చదవాలి?

కాకినాడ_బ్యాచ్:
అమెరికాలో ఒహాయోలో హాస్పిటలిస్టుని, అంటే ఆసుపత్రిలో చేరిన రోగులను చూసే డాక్టర్‌ని. వారం డ్యూటీ, వారం సెలవు. పదేళ్లకోసారి రాసే పెద్ద పరీక్ష వద్దనుకుని ఏబీఐఎం (ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు) వాళ్ల ఎల్‌కేఏలో చేరాను, అది విడతలవారీగా ఆన్‌లైన్‌లో రాసే పరీక్ష. మూడు నెలలకు 30 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 నిమిషాలు. పుస్తకాలు, వెబ్‌సైట్లు చూసుకోవచ్చు, మనిషిని మాత్రం అడగకూడదు. చూసుకోవచ్చు కదా అన్న ధైర్యంతో మొదలుపెట్టాను కానీ, ఎక్కడ వెతకాలో తెలిసేలోపే టైమ్ అయిపోతోంది. అందుకే ఏసీపీ (అమెరికా ఫిజీషియన్ల సంఘం) వాళ్ల ఎంకేసాప్ అనే ప్రశ్నల సెట్ కొని, పిల్లలు పడుకున్నాక రోజుకు 20 ప్రశ్నలు చేస్తున్నాను. వివరణ చదువుతుంటే అన్నీ తెలిసినవే అనిపిస్తాయి. నెల తిరిగాక అదే విషయం ఇంకో రోగి కథలో వస్తే తప్పు పెడుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. మీరెలా చేస్తున్నారు?

రాత్రి_రౌండ్స్:
"తెలిసినవే అనిపిస్తాయి" అన్నారు చూడండి, నన్ను రెండేళ్లు ముంచింది అదేనండీ. ఇప్పుడు ఆప్షన్ల మీద కాగితం అడ్డం పెట్టి, ముందు నా జవాబు రాస్తాను. పక్కన "ఖాయం", "అనుమానం", "గుడ్డిగా" వీటిలో ఒక మాట రాస్తాను. ఆ తర్వాతే ఆప్షన్లు చూస్తాను.

గుడ్డిగా పెట్టినవి తప్పైతే నాకు బెంగ లేదు. అలాంటి కేసు వార్డులో వస్తే ఎలాగూ వెతుక్కుంటాను. ఖాయం అని రాసి తప్పైనవే భయం. వాటిని వెతకను, నేరుగా ఆర్డర్ పెట్టేస్తాను.

ఒకసారి ప్రశ్నలో ఒక పెద్దావిడ. యూరిన్ కల్చర్‌లో ఈ.కోలై బ్యాక్టీరియా, జ్వరం లేదు, మంట లేదు. యాంటీబయాటిక్, ఖాయం అని రాశాను. లక్షణాలు లేవు కాబట్టి ఇవ్వకూడదన్నది జవాబు. మర్నాడు నా రోగుల లిస్టు తీసి చూస్తే అచ్చం అలాంటి ఆవిడే సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ మీద ఉంది, రాసింది నేనే. ఆపేశాను. ఆ పొద్దున నేర్చుకున్నది ఇంకా మర్చిపోలేదు.

మనం రెసిడెన్సీలో గట్టిగా నేర్చుకున్నవే ఎక్కువ మోసం చేస్తాయి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం శాతం) బాగున్న హార్ట్ ఫెయిల్యూర్‌కి నీరు తీసే మందు తప్ప పెద్దగా ఏమీ లేదనుకునేవాళ్లం. 2021లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు ట్రయల్ వచ్చాక అది మారింది. ఆ మందు సర్జరీకి కనీసం 3 రోజుల ముందు ఆపాలన్నది కూడా నాకు ప్రశ్న తప్పాకే తలకెక్కింది.

రోజుకు 20 వద్దండీ. ఆరు చేయండి, "ఖాయం" తప్పులు మాత్రం నెల తర్వాత మళ్లీ చేయండి.

నిజామాబాద్_ఫిజీషియన్:
ఇక్కడ మాకు 5 ఏళ్లలో 30 సీఎంఈ (డాక్టర్లు చదువు కొనసాగించినందుకు ఇచ్చే) క్రెడిట్లు కావాలి, ఎక్కువగా సదస్సుల్లో కూర్చుని తెచ్చుకుంటాం. నేను ఎంకేసాప్ పాత ఎడిషన్ చేస్తుంటాను, క్రెడిట్ కోసం కాదు, నా కోసం. అయితే జ్వరం చాప్టర్లు మనకి సరిపోవు. మా ఓపీలో వానలు పడ్డాక జ్వరం అంటే ముందు డెంగీ, మలేరియా చూడాలి, ఒంటి మీద నల్లటి పెచ్చు ఉందేమోనని చంకలు, గజ్జలు వెతకాలి, చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కోసం. అలాంటి కేసులతో నేనే ప్రశ్నలు రాసుకుని పీజీ పిల్లల చేత చేయిస్తున్నాను.

కాకినాడ_బ్యాచ్:
ఇద్దరికీ థాంక్సండీ. రాత్రి ఆరు చేశాను. నాలుగు "ఖాయం", అందులో ఒకటి తప్పు. మద్యం అలవాటు, పొటాషియం తక్కువ, సోడియం బాగా తగ్గి 104 ఉన్న రోగి. సోడియంని 24 గంటల్లో 12 దాకా పెంచొచ్చని రాశాను. అలాంటి రోగికి 8 దాటకూడదట. శుక్రవారం నుంచి డ్యూటీ. ఆ కాగితం కోటు జేబులో పెట్టుకున్నాను.