పాత కారుకి కొత్త రిమోట్ తాళం: మనమే ప్రోగ్రామ్ చేసుకోవాలా, తెలిసినవాళ్లకి ఇవ్వాలా?

తుప్పుబండి:
ఒక పంచాయితీ తేల్చండి బాబూ. నా దగ్గర 2002 మోడల్ కారు ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, కొన్నప్పుడే ఒక్క తాళమే చేతిలో పెట్టారు. దాని రిమోట్ బటన్ మీద రబ్బరు చిరిగిపోయి లోపలి పచ్చ బోర్డు కనిపిస్తోంది, నాలుగుసార్లు నొక్కితే ఒకసారి డోర్ తెరుచుకుంటుంది. ఆన్‌లైన్‌లో అచ్చం అలాంటిదే దొరుకుతోంది, కింద 'మీరే ప్రోగ్రామ్ చేసుకోవచ్చు' అని రాసుంది, తాళం అన్నిసార్లు తిప్పు ఇన్నిసార్లు నొక్కు అని వీడియోలు కూడా బోలెడు ఉన్నాయి. మా బావేమో ఆ జోలికి పోకు, ఉన్న ఒక్కటీ పోగొట్టుకుంటావ్, చేసేవాళ్ల దగ్గరికి వెళ్లు అంటాడు. ఇరవై ఏళ్లు దాటిన బండికి అంత సీన్ ఏముంటుంది, ఫోన్‌కి బ్లూటూత్ కలిపినట్టే కదా అని నా వాదన. ఎవరు కరెక్టు?

మూడోగేరు:
నువ్వే కరెక్టు అన్నా, మీ బావ ఊకె భయపెడ్తుండు. మా పాత బండికి నేనే చేసిన. తాళం ఆన్‌కి తిప్పుడు, రిమోట్ల లాక్ బటన్ నొక్కుడు, ఆఫ్ చేసుడు, గిట్ల వరుసగ చేస్కుంట పోతే నాలుగోసారికి డోర్లన్నీ ఒక్కసారే టక్కుమంటయి, అంటే బండి ఇంటున్నట్టు, గప్పుడు కొత్త రిమోట్ నొక్కితే మల్ల టక్, అయిపాయె. మధ్యల సెకన్లు ఎక్కువ తీస్కుంటే మాత్రం మొదటికొస్తది. నాకు మూడుసార్లు పోయింది, మాన్యువల్ ఒళ్లె పెట్టుకోని ఒక చేత్తోని తిప్పుడు ఇంకో చేత్తోని నొక్కుడు, బయటికెళ్లి చూసినోళ్లు పిచ్చోడనుకున్నరు కావొచ్చు. అయినా గా టక్ సప్పుడు ఇన్నంక వచ్చే ఆనందం వేరే.

నిదానమే_ప్రధానం:
ఆ టక్ నేనూ విన్నా. కొత్తది చక్కగా కలిసింది, వీడియో తీసినాయన మాత్రం ఒక ముక్క మింగేశాడు. చాలా పాత బళ్లలో ప్రోగ్రామింగ్ మోడ్‌లోకి వెళ్లి కొత్తది నొక్కగానే మెమరీలో ఉన్న పాతవన్నీ చెరిగిపోతాయి, ఆ విడతలో నొక్కినవే లెక్కలో ఉంటాయి. ఫోర్డ్ పాత మోడళ్లు కొన్ని ఇలాంటివే, 10 సెకన్లలో 8 సార్లు తాళం ఆఫ్ నుంచి ఆన్‌కి తిప్పాలి, లోపలికి వెళ్లాక ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి నొక్కేయాలి. మా పాత రిమోట్ ఆ టైంలో మా ఆవిడ బ్యాగులో ఉంది, సాయంత్రం రెండు చేతుల్లో సంచులతో కారు పక్కన నిలబడి నొక్కుతూనే ఉందట, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంటికొచ్చాక నేను విన్నవి ఇక్కడ రాయను. కాబట్టి నా ఓటు బావగారికే.

తాళంకప్ప:
తాళాలు చేసే పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను కాబట్టి నాది స్వార్థం అనుకున్నా పర్లేదు, ఒక మాట చెప్తా. పైన ఇద్దరూ మాట్లాడింది రిమోట్ గురించి. తుప్పుబండి గారూ, మీ బావ భయం చిప్ గురించి, ఆయన తెలిసి అన్నారో యథాలాపంగా అన్నారో గానీ.

తాళం తలకాయలో రెండు వేర్వేరు సరుకులు ఉంటాయి. ఒకటి రిమోట్, అది సెల్ మీద నడుస్తుంది, 433 మెగాహెర్ట్జ్ మీద (అమెరికా, జపాన్ బళ్లయితే ఎక్కువగా 315) డోర్లకి మాత్రమే చెప్తుంది. రెండోది చిప్, దానికి సెల్ అక్కర్లేదు, తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఒక తీగ చుట్ట ఉంటుంది, అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర విడిచే శక్తితోనే చిప్ లేచి తన నంబరు చెప్పుకుంటుంది, నంబరు కుదిరితేనే ఇంజిన్. అందుకే సెల్ పూర్తిగా అయిపోయినా బండి స్టార్ట్ అవుతుంది. రిమోట్‌ని తాళం తిప్పి, బటన్ నొక్కి కలుపుకున్నంత మాత్రాన చిప్ కలవదు. రిమోట్ పోతే చేత్తో తాళం తిప్పుకుని డోర్ తీసుకుంటారు, చిప్ పోతే బండిని ఇంకో బండికి కట్టి లాక్కెళ్లాల్సిందే.

మీ తాళంలో చిప్ ఉందో లేదో తెలియాలంటే తాళం తలకాయకి వంటింట్లో వాడే అల్యూమినియం రేకు రెండు మూడు చుట్లు గట్టిగా చుట్టి స్టార్ట్ చేసి చూడండి. ఇంజిన్ పట్టుకోకపోయినా, పట్టుకుని ఒకట్రెండు సెకన్లలో ఆగిపోయినా, డాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు గబగబా కొట్టుకున్నా చిప్ ఉన్నట్టే. రేకు తీసేస్తే మామూలైపోతుంది.

మూడోగేరు:
మాస్టారూ ఒక్కటి అడుగుత, కోపం చెయ్యకుండ్రి. బండి నాది, కాగితాలు నా పేరు మీద ఉన్నయి, మరి నా బండికి నేను చిప్ కలుపుకోకుండ మీ దగ్గరికో షోరూముకో రావాలె అని కంపెనీ ఎందుకు పెట్టిందంటరు? సేఫ్టీ అంటరు గానీ కస్టమర్‌ని కట్టేసుడు కాదా గది?

తాళంకప్ప:
కోపం ఎందుకు, సగం నిజమే. అసలు కొన్ని బళ్లలో ఓనరే కలుపుకునే దారి పెట్టారు కూడా. ఫోర్డ్, క్రైస్లర్ పాత బళ్లు కొన్నింట్లో, ముందే నమోదైన తాళాలు రెండు చూపిస్తే మూడోది బండే రాసుకుంటుంది, ఏ మెషినూ అక్కర్లేదు. షరతు ఆ రెండే. ఒక్కటే ఉంటే కుదరదు, ఎందుకంటే ఒక్క తాళంతో కుదిరితే మీరు పార్కింగ్‌లో తాళం ఇచ్చిన కుర్రాడు కూడా పది నిమిషాల్లో ఇంకోటి చేసుకోగలడు కదా. ఒక తాళం పోగానే చాలామంది 'ఇంకోటుందిగా' అని ఊరుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఒకటి పని చేస్తుండగా వచ్చినవాళ్లకి నాకు పావుగంట పని, అన్నీ పోగొట్టుకుని వస్తే సెక్యూరిటీ కోడ్ తెప్పించాలి, కొన్ని బళ్లకయితే డాష్‌బోర్డు విప్పి కంప్యూటర్ పెట్టె బయటికి తీసి దాంట్లో మెమరీ చదవాలి.

మీటర్‌బాక్స్:
మూడోగేరు అన్నట్టు 'సేఫ్టీ' మాట పూర్తిగా నమ్మక్కర్లేదు, ఆ కాలం చిప్పుల్లో చాలావాటి రహస్య కోడ్‌ని ఎప్పుడో ఛేదించేశారు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల 40 బిట్ల కోడ్ చిప్‌ని 2005లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్లు, ఆర్ఎస్ఏ ల్యాబ్స్ అనే సెక్యూరిటీ సంస్థ వాళ్లు కలిసి ఛేదించి చూపించారు. మెగామోస్ అనే ఇంకో రకం చిప్ లోపం మీద పరిశోధన 2013లో రావాల్సింది, ఇంగ్లండ్ హైకోర్టు ఆపేస్తే 2015లో గానీ అచ్చు కాలేదు. లోపం దాచిపెడితే లోపం పోతుందా?

కానీ అసలు లేకపోతే ఇంకా ఘోరం. అమెరికాలో ఇమ్మొబిలైజర్ (చిప్ నంబరు కుదరకపోతే ఇంజిన్‌ని ఆపేసే ఈ ఏర్పాటే) తప్పనిసరి అనే రూల్ లేదు, యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకి ఉంది. అమెరికాలో 2015 మోడల్ హ్యుందాయ్, కియాల్లో నాలుగో వంతుకే అది వచ్చింది, చివరికి ఆ బళ్లు ఎలా ఎత్తుకుపోవచ్చో పిల్లలు వీడియోలు పెట్టుకునే దాకా వెళ్లింది. కాబట్టి చిప్ దండగ అని మాత్రం అనను.

ఇంకోటి, తుప్పుబండి బ్రో, నాలుగుసార్లకి ఒకసారి తెరుచుకోవడం ప్రోగ్రామింగ్ రోగం కాదు. రిమోట్ నొక్కిన ప్రతిసారీ లోపల ఒక లెక్క పెరుగుతుంది, బండి కూడా ఆ లెక్క పెట్టుకుంటుంది, అందుకే పాత సిగ్నల్ రికార్డు చేసి మళ్లీ వదిలితే పనికిరాదు. కీలాక్ అనే పద్ధతిలో రిమోట్ 16 నొక్కుల లోపు ముందుకెళ్తే బండి ఏమీ అనకుండా తెరుచుకుంటుంది, అంతకు మించి జరిగితే వరుసగా రెండుసార్లు నొక్కితే మళ్లీ అందుకుంటుంది. పిల్లాడు సోఫాలో కూర్చుని వందసార్లు నొక్కినా కొంప మునగదు. లెక్క తప్పిన రిమోట్ అలా పని చేస్తుంది, నీది ఒకసారి పట్టి మూడుసార్లు తప్పుతోందంటే బటనో సెల్లో. ముందు విప్పి చూడు.

నిదానమే_ప్రధానం:
విప్పి చూడు అంటే ఈయన చిప్ ఎగరగొట్టుకుంటాడు. కొన్ని తాళాల్లో చిప్ బోర్డుకి అతుక్కుని ఉండదు, గోరంత నల్లముక్క విడిగా ప్లాస్టిక్ గూట్లో కూర్చుని ఉంటుంది, కేసు తెరవగానే జారి ఎక్కడో పడుతుంది. కొత్త కేసులోకి బోర్డు మార్చి పాత కేసు చెత్తలో పడేసి, దాంతోపాటు చిప్ కూడా పడేసిన మనిషి నాకు తెలుసు. అద్దంలో రోజూ కనిపిస్తాడు.

తుప్పుబండి:
అప్‌డేట్. రేకు చుట్టి చూశా, ఇంజిన్ పట్టుకుని ఊపిరి తీసుకున్నంతసేపు కూడా లేదు, ఆగిపోయింది, ఎర్ర లైటు టపటపా కొట్టుకుంది. చిప్ ఉంది. గుండె ఒక్కసారి జారింది గానీ రేకు తీశాక మళ్లీ స్టార్ట్ అయింది.

తర్వాత టేబుల్ మీద తెల్ల టవల్ పరిచి, నిదానమే_ప్రధానం గారి మాట గుర్తుపెట్టుకుని, తాళం విప్పా. చిప్ నిజంగానే విడిగా ఉంది, అగ్గిపెట్టెలో పెట్టా. సెల్ కొత్తది వేసినా తేడా లేదు. భూతద్దంతో చూస్తే అన్‌లాక్ బటన్ కింద ఉన్న చిన్న స్విచ్ ఒక కాలు బోర్డు నుంచి లేచిపోయి ఉంది, నొక్కితే ఒక్కోసారి తగులుతోంది ఒక్కోసారి లేదు. సోల్డరింగ్ వచ్చిన ఫ్రెండ్ ఉన్నాడు, ఒక చుక్క పెట్టాడు, ఇప్పుడు పది అడుగుల నుంచి తెరుచుకుంటోంది. అంటే ఇన్నాళ్లూ నాకు కొత్త రిమోట్ అక్కర్లేదు!

అయినా రెండో తాళం చేయించాలి, అది అర్థమైంది. చిప్ పని తాళంకప్ప లాంటివాళ్లకిస్తా, దానిమీద రిమోట్ నేనే కలుపుకుంటా. మా బావ తనే గెలిచానంటున్నాడు, నేను ఒప్పుకోవట్లేదు.

తాళంకప్ప:
రిమోట్ కొనేముందు పాతదాని వెనక ఉన్న ఎఫ్‌సీసీ ఐడీ (అమెరికా రేడియో అనుమతి నంబరు), పార్ట్ నంబరు చూసి అదే తీసుకోండి, బొమ్మ చూసి కొనకండి, పైకి ఒకేలా ఉండి ఫ్రీక్వెన్సీ వేరేవి ఉంటాయి. వాడిన తాళం చవగ్గా దొరికిందని చిప్‌తో సహా కొనకండి, కొన్ని రకాలు ఒక బండికి కలిశాక ఇంకో బండికి కలవవు.

మూడోగేరు:
అన్నా ఇంకోటి అడుగుడు మర్చిన. సెకండ్ హ్యాండ్‌ల ఒక్కటే తాళం ఇచ్చిండ్రు అంటివి. కొత్తగ వచ్చినప్పుడు ఏ బండికైనా రెండు ఉంటయి కదా. మరి గా రెండోది యాడున్నట్టు?

తుప్పుబండి:
పోయిందన్నాడు. పోయింది అంటే పోయిందనే అనుకున్నా.

తాళంకప్ప:
తాళం చేయించేటప్పుడు మెమరీలో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూడమనండి, చాలా బళ్లలో మెషిన్ పెడితే ఆ సంఖ్య కనిపిస్తుంది. అన్నీ చెరిపించి మీ చేతిలో ఉన్నవి మాత్రమే మళ్లీ రాయించండి, కాబట్టి మీ తాళాలన్నీ వెంట తీసుకెళ్లండి. ఆ పోయింది ఎవరికైనా దొరికినా డోర్ తెరుచుకుంటుందేమో గానీ ఇంజిన్ కదలదు.

తుప్పుబండి:
ఇప్పుడే వెళ్లొచ్చా. మెషిన్ మీద మూడు చూపించింది.